గెలిచినా తిట్టారు... హమ్మయ్య!

2025 అక్టోబరు 30, గురువారం రాత్రి సంగతి. మొంథా తుఫాను వచ్చి వెళ్ళి అప్పటికి రెండు రోజులే అయింది. పెదకాకానిలో మా బజారంతా ఇంకా బురద. ఆరేసిన బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన. చేలల్లో పత్తి తడిసి చెట్టు మీదే నల్లబడుతోందని ఎవరి మొహం చూసినా దిగులే. అలాంటి రోజు రాత్రి పదకొండు గంటలకి మా సందు చివర అరుగు మీద పెద్ద పెద్ద కేకలు. ఎవరికేం ముంచుకొచ్చిందోనని హడలిపోయి వాకిట్లోకి వచ్చాను.

"అసలా కెప్టెనుకి బుద్ధుందా అంటా! వాళ్ళు ఉతికి ఆరేస్తుంటే స్పిన్నర్లకి బంతి ఇవ్వడానికి అంతసేపా?"

"ఇచ్చింది కదరా. నువ్వు సరిగ్గా చూడకుండా మాట్లాడకు."

"ఎప్పుడిచ్చింది? కొంప మునిగాకా?"

అర్థమైంది. మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు సెమీ ఫైనల్లో ఆస్ట్రేలియాని ఓడించి పావుగంటయినా కాలేదు. 339 పరుగులు కొట్టాలి. 48.3 ఓవర్లలో అయిదు వికెట్లు పోగొట్టుకుని 341 కొట్టారు. ఇంకా 9 బంతులు మిగిలే ఉన్నాయనుకోండి, కానీ చూసిన వాళ్ళ ప్రాణాలు మాత్రం ఏ ఓవర్లోనూ ఒంట్లో లేవు. మహిళల వన్డే క్రికెట్లో అంత పెద్ద స్కోరుని ఛేదించిన జట్టు అంతకుముందు లేదు. 2017 నుంచీ ప్రపంచ కప్పులో ఓటమి ఎరగని ఆస్ట్రేలియా అది. అలాంటి జట్టుని గెలిచి పావుగంట కాకముందే మా అరుగు మీద మగపిల్లలు మన కెప్టెన్ని ఏకిపారేస్తున్నారు!

నేను గుమ్మంలో నిలబడి నవ్వుకుంటుంటే మా వారు వచ్చారు. "ఏంటలా నవ్వుతున్నావు?"

"తిడుతున్నారండీ."

"ఎవర్ని?"

"హర్మన్‌ప్రీత్‌ని."

"తిడుతుంటే నవ్వుతావేంటి?" అని వింతగా చూశారు. ఆయనకి ఆ రాత్రి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నా చిన్నతనంలో మా పుట్టింట్లో క్రికెట్ అంటే ఓ జాతర. 2002 జులై 13న లార్డ్స్‌లో నాట్‌వెస్ట్ ఫైనల్. నాకప్పుడు పదిహేనేళ్ళు. 326 కొట్టాలి. 146కే అయిదుగురు ఔటయ్యారు. టెండూల్కర్ కూడా వెళ్ళిపోయాక సగం మంది లేచి వెళ్ళిపోయారు. యువరాజ్ 69, కైఫ్ 87 నాటౌట్... చివరికి 3 బంతులు మిగిలుండగా రెండు వికెట్లతో గెలిచాం. గంగూలీ చొక్కా విప్పి తిప్పింది అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ తర్వాత మా డాబా మీద జరిగిన సభ బాగా గుర్తు. నాన్న, బాబాయిలు, పక్కింటి మాస్టారు అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు. బౌలింగ్ ఎక్కడ చెడింది, ఎవరిని ఎన్నో నెంబర్లో పంపించి ఉండాల్సింది, అసలు 325 ఇవ్వడమేంటి... గెలిచిన మ్యాచ్ మీద అంత పోస్టుమార్టం!

నేను చెంబుతో మంచినీళ్ళు తీసుకెళ్ళి అక్కడే నిలబడిపోయాను. నా దగ్గర ఓ నోట్సు ఉండేది. అందులో ఓవరు ఓవరుకీ స్కోరు రాసుకునేదాన్ని. నా లెక్క ప్రకారం నాకూ ఒక మాట తోచింది. చెప్పబోయాను. "నీకెందుకమ్మా ఇవన్నీ, వెళ్ళి పడుకో" అన్నారు బాబాయి. కోపంగా కాదు, ముద్దుగానే. ముద్దుగా అన్నారు కాబట్టే ఎదురు చెప్పలేకపోయాను.

సరిగ్గా నెల తర్వాత, ఆగస్టులో, అదే ఇంగ్లండులో, టాంటన్ అనే ఊళ్ళో మిథాలీ రాజ్ టెస్టు మ్యాచ్‌లో 214 కొట్టింది. అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. పిల్లకి పంతొమ్మిదేళ్ళు. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న అమ్మాయి. మరి మా డాబా మీద సభ జరిగిందా? లేదు. పేపర్లో చిన్న ముక్క చదివి "అబ్బో, ఆడపిల్లయినా భలే కొట్టిందే" అన్నారు. అంతే, పేజీ తిప్పేశారు. ఏ బంతులు కొట్టింది, అన్ని గంటలు ఎలా నిలబడింది, జట్టు ఇంకొంచెం ముందే డిక్లేర్ చేసుంటే ఎలా ఉండేది... ఒక్కరూ అడగలేదు. అందులో నేనూ ఉన్నాను సుమా! కైఫ్ స్కోరంతా రాసుకున్న నా నోట్సులో మిథాలీ 214కి ఒక్క గీత కూడా లేదు.

ఇదే నేను మా వారికి చెప్పాలనుకున్నది. మెచ్చుకోవడం చాలా తేలిక. "ఆడపిల్లయినా" అన్న మాటతో మొదలయ్యే మెచ్చుకోలు మరీ తేలిక. పసిపిల్ల పూరీ ఒత్తితే, అది ఏ దేశం పటంలా వచ్చినా "ఎంత బాగా ఒత్తిందో మా తల్లి!" అంటామే, అలాంటిది. పెద్దదాన్ని పట్టుకుని "పూరీ పొంగలేదు, నూనె కాగలేదా?" అంటాం. ఎందుకు? ఆమెకి పని వచ్చని మనకి తెలుసు కాబట్టి. వచ్చినవాళ్ళనే నిలదీస్తాం.

2022 అక్టోబరులో మన క్రికెట్ బోర్డు మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ మ్యాచ్ ఫీజు సమానం చేసింది. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టి20కి 3 లక్షలు. మంచిదే, సంతోషించాం. తిట్లలో సమానత్వం మా సందులోకి రావడానికి మాత్రం ఇంకో మూడేళ్ళు పట్టింది.

అయితే తిట్లన్నీ ఒకటి కావు. ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా ఉంది, చెప్పనివ్వండి.

అదే ప్రపంచ కప్పులో అక్టోబరు 9న విశాఖలో దక్షిణాఫ్రికా మీద ఓడిపోయాం. 102కే ఆరు వికెట్లు పడితే రిచా ఘోష్ 94 కొట్టి 251కి చేర్చింది, అయినా చాల్లేదు. 12న అక్కడే ఆస్ట్రేలియా మన 330ని కొట్టేసింది. 19న ఇండోర్‌లో ఇంగ్లండు మీద 4 పరుగుల తేడాతో పోయింది. వరసగా మూడు! అప్పుడు మా అరుగు మీద వినపడిన మాటలు వేరు. "వీళ్ళకెందుకురా క్రికెట్, ఇళ్ళకి పోయి వంట చేసుకోమను." అన్నది ఎవరో కాదు, తల్లి అన్నం వడ్డిస్తే తప్ప కంచం కూడా తీసుకోనివాడు! కొంతమందయితే వాళ్ళు ప్రకటనల్లో నవ్వడం గురించి, కట్టుకున్న బట్టల గురించి. బ్యాటు ఎలా పట్టుకున్నారన్నది ఒక్కడూ అనడు.

అంతకుముందు 2018లోనూ ఇలాగే జరిగింది. వెస్టిండీస్‌లో టి20 ప్రపంచ కప్పు సెమీ ఫైనల్. అంతకుముందు పాకిస్థాన్ మీదా ఐర్లండ్ మీదా అర్ధసెంచరీలు కొట్టిన మిథాలీని ఇంగ్లండుతో మ్యాచ్‌లో పక్కన కూర్చోబెట్టారు. ఆమె లేకుండానే ఆస్ట్రేలియాని గెలిచాం కాబట్టి అదే జట్టుని ఉంచాం అన్నారు. మనవాళ్ళు 112కే ఆలౌటయ్యారు, ఎనిమిది వికెట్ల తేడాతో ఓడారు. తెలుగువాళ్ళందరికీ ఒళ్ళు మండింది. అది న్యాయమే. గెలిచిన జట్టుని కదపకూడదన్న సూత్రం ఎక్కడిదాకా పట్టుకోవాలి? స్పిన్ బాగా ఆడే పాతకాపుని మెత్తటి పిచ్ మీద వదులుకోవడమేంటి? ఎంత వాదించుకోవచ్చు! కానీ వాదన రెండ్రోజులు కూడా ఆట మీద నిలవలేదు. హర్మన్‌ప్రీత్‌కీ మిథాలీకీ పడదట, మాట్లాడుకోరట... "రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవు" అన్న సామెత దులిపి బయటికి తీశారు. గంగూలీ ఒకణ్ణి పక్కన పెడితే అది వ్యూహం. హర్మన్‌ప్రీత్ పెడితే తోటికోడళ్ళ తగువు!

అందుకే అక్టోబరు 30 రాత్రి ఆ అరుగు మీద ఒక్కడూ వంటింటి మాట ఎత్తకుండా బౌలింగ్ మార్పుల గురించి గొంతు చించుకుంటుంటే నాకంత హాయిగా అనిపించింది.

మర్నాడు సాయంత్రం మా వాకిట్లో ఇంకో సభ జరిగింది. ఈసారి మాది. కార్తీక మాసం కదా, దీపాలు పెట్టుకుని నలుగురూ చేరారు. ఎదురింటి వదినగారు, పైవాటాలో ఉండే టీచరమ్మ, మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్ళి వస్తూ మా అరుగు మీద కాసేపు కూర్చునే పిన్ని, మా అత్తయ్యగారు. మొదట తుఫాను, తర్వాత కూరగాయల ధరలు, ఆ తర్వాత ఎలా వచ్చిందో మాట... మ్యాచ్ మీదకి వచ్చింది.

"ఆ జెమీమాని ఇంగ్లండు మ్యాచ్‌లో ఎందుకు తీసేశారు వదినా? నిన్న చూడు, 127 కొట్టి చివరిదాకా నిలబడింది. ఆ రోజు ఉంటే ఆ నాలుగు పరుగులు వచ్చేవి కావూ?" అంది ఎదురింటామె.

టీచరమ్మ ఒప్పుకోలేదు. "విశాఖలో 330 కొట్టి కూడా ఓడిపోయాం కదండీ. అయిదుగురు బౌలర్లే ఉన్నారు, ఒకరు దెబ్బతింటే ఆరో మనిషి లేదు. అందుకని రేణుకని తీసుకున్నారు. ఒకరు రావాలంటే ఒకరు పోవాలిగా. ఇంగ్లండుని 288కి ఆపారు కూడా. తప్పు అక్కడ కాదు, చివర్లో అంత దగ్గరికొచ్చి షాట్లు కొట్టబోయి వికెట్లు పారేసుకున్నారే, అక్కడ!"

నేనూ నోరు విప్పాను. ఇరవై మూడేళ్ళ బాకీ మరి! "బౌలర్ని తీసుకోవడం ఒప్పుకుంటాను. కానీ తీయాల్సింది జెమీమానా? మూడో నెంబర్లో హర్లీన్ నెమ్మదిగా ఆడుతోందని అందరూ చూస్తూనే ఉన్నారు. న్యూజిలాండ్ మీద 23వ తారీఖున జెమీమాని మూడో నెంబర్లో పంపితే 76 నాటౌట్. అంటే వాళ్ళకీ తెలిసింది. తెలియడానికి మూడు మ్యాచ్‌లు ఓడాలా?"

"తెలిసినా మళ్ళీ సెమీ ఫైనల్లో అయిదో నెంబరే అనుకుందట ఆ అమ్మాయి. మూడులో వెళ్ళాలని అయిదు నిమిషాల ముందు తెలిసిందట. స్నానం చేస్తోందట అప్పుడు. తనే చెప్పింది" అంది టీచరమ్మ.

మా అత్తయ్యగారు తులసికోట దగ్గర వత్తి సరిచేస్తూ అందుకున్నారు. "ఇదెక్కడి పద్ధతే? పెళ్ళివారు వాకిట్లోకి వచ్చాక వంటమనిషితో 'బూరెలు కూడా ఉన్నాయి, నువ్వే వేయాలి' అన్నట్టు!" అందరం పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "నవ్వకండి. ఆ పిల్ల నెగ్గుకొచ్చింది కాబట్టి సరిపోయింది. రెండు వికెట్లు 59కే పోయాయి. ఆ పిల్ల కూడా పోతే ఏ మొహం పెట్టుకునేవాళ్ళు?" అన్నారు. డెబ్భై దాటిన మనిషి, 59కి రెండు అన్న లెక్క ఆవిడకెలా గుర్తుందో! రాత్రంతా నా వెనకాలే కుర్చీలో జపమాల తిప్పుతూ కూర్చున్నారనుకున్నాను నేను.

నాకయితే ఆ ఆలస్యం తప్పు కాదేమో అనిపిస్తుంది. ముందు రోజే చెప్తే రాత్రంతా నిద్రపోదు ఆ అమ్మాయి. టోర్నమెంటంతా రోజూ ఏడ్చానని మ్యాచ్ అయ్యాక తనే అందరి ముందూ చెప్పుకుంది. అలాంటి మనిషికి ఆలోచించుకునే సమయం ఇవ్వకపోవడమే మంచిదయింది. కానీ ఇది ముందే అనుకుని చేశారా, కలిసొచ్చిందా? గెలిచాక అన్నీ వ్యూహాల్లానే కనిపిస్తాయి. 82 దగ్గర హీలీ చేతుల్లోంచి ఆ క్యాచ్ జారకపోతే ఇవాళ మనమంతా ఇవే నిర్ణయాల్ని ఏమని ఉండేవాళ్ళం? కొద్దిలో గెలిచిన మ్యాచ్‌లో ఉన్న ఇబ్బందే ఇది. ఓడితే తప్పులు వాటంతటవే బయటపడతాయి. భారీగా గెలిస్తే వెతికే పని లేదు. అంచు మీద గెలిచినప్పుడే తప్పూ ఒప్పూ ఒకే మూటలో ఉంటాయి, విప్పి వేరు చేసుకోవాలి. మన పిల్లలు ఒకటి రెండు మార్కులతో గట్టెక్కినప్పుడు కూడా మనం ఆ మూట విప్పం. "పాసయింది చాలు" అని దేవుడికి కొబ్బరికాయ కొట్టేస్తాం.

అందరం కలిసి ఒప్పుకున్నది మాత్రం శ్రీచరణి విషయంలో. మన కడప పిల్ల. ఆస్ట్రేలియా 338 కొట్టిన మ్యాచ్‌లో పది ఓవర్లు వేసి 49 పరుగులే ఇచ్చింది, రెండు వికెట్లు తీసింది. మిగతావాళ్ళంతా చావుదెబ్బలు తింటుంటే ఎడంచేత్తో ఆ పిల్ల చేసిన కట్టడి లేకపోతే లక్ష్యం 360 దాటేది కాదూ? "సెంచరీ కొట్టినవాళ్ళకి హారతులు, పరుగులు ఆపినవాళ్ళ మాటే ఉండదు" అంది పిన్ని. అంతసేపూ మాట్లాడని మనిషి. రోజంతా కూర్చుని కాయ కాయకీ తొడిమ తీసేదామె. కొన్నవాళ్ళకి ఎర్రటి కాయే కనపడుతుంది గానీ తీసిన తొడిమ కనపడుతుందా మరి?

మూడో రోజు ఆదివారం, నవంబరు 2. ఫైనల్. మల్లేశ్వరస్వామి గుడి దగ్గర పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళు, కార్తీక స్నానాలు చేసొచ్చినవాళ్ళు, పూజకి తెచ్చిన కొత్త బళ్ళు... సందు దాటాలంటేనే గగనం. పైగా క్షీరాబ్ది ద్వాదశి. మూడింటికి మొదలు కావలసిన మ్యాచ్ అక్కడ వాన పడి అయిదింటికి మొదలైంది. ఆ వాన పుణ్యమా అని మా తులసి పూజ ప్రశాంతంగా అయిపోయింది!

ఆ రోజు హర్మన్‌ప్రీత్ చేసిన పని మీద మా అరుగుకీ మా వాకిలికీ కలిపి ఒకే వాదన నడిచింది. మన 298కి దక్షిణాఫ్రికా జవాబిస్తోంది. వోల్వార్ట్ పాతుకుపోయింది. అప్పుడు షెఫాలీకి బంతి ఇచ్చింది. ప్రతీకా రావల్‌కి దెబ్బ తగిలితే సెమీ ఫైనల్‌కి ముందు పిలిపించిన పిల్ల. ఓపెనర్‌గా 87 కొట్టింది నిజమే, కానీ బౌలరా? ఎదురింటి వదినగారి అబ్బాయి గోడ మీంచి అరిచాడు, "పిన్నీ, ఇదేం పిచ్చి!" అని. రెండో బంతికే లూస్ వికెట్టు! తర్వాత ఓవర్లో కాప్ కూడా! వాడు మళ్ళీ గోడ మీదకి తల పెట్టలేదు. చివరికి దీప్తి అయిదు వికెట్లతో 246కి ఆలౌట్, 52 పరుగులతో కప్పు మనది. ఆ షెఫాలీ ఓవర్లు బుద్ధికి తోచిన వ్యూహమా, మనసుకి తోచిన పందెమా అన్నది మాలో ఇంకా తేలలేదు. నేను పందెమే అంటాను. టీచరమ్మ, ఎదురింటి వదినగారు నా మీదకి వస్తారు.

అదే అక్టోబరులో విశాఖ స్టేడియంలో రెండు స్టాండ్లకి మిథాలీ రాజ్ పేరు, మన వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. కల్పన ఆటో నడిపే ఇంటి నుంచి వచ్చిన పిల్ల. శ్రీచరణికి ప్రభుత్వం రెండున్నర కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. ఇవన్నీ విని ఊళ్ళో ఆడపిల్లలున్న ఇళ్ళల్లో చిన్న కదలిక వచ్చింది. నేను చూసినంతలో ఎంత కదలిక అంటే, "ఆడుకో" అనేంత. "ఆట నేర్చుకో" అనేంత కాదు.

మా సందులోనే తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఉంది. ఎడంచేతి వాటం. సాయంత్రాలు మగపిల్లలతో కలిసి రబ్బరు బంతితో బౌలింగ్ వేస్తుంది. మగపిల్లలు దాన్ని ఊరికే జట్టులోకి తీసుకోరు, వికెట్లు తీస్తుంది కాబట్టి తీసుకుంటారు. వాళ్ళమ్మది ఒకటే మాట: "టెన్త్ దాకా అక్కా. ఆ తర్వాత మానిపించేస్తాం. ఎండలో నల్లబడిపోతోంది, రేపు ఎవడు చేసుకుంటాడు?" ఫైనల్ తర్వాత ఆవిణ్ణి కదిపాను. "చూశావుగా శ్రీచరణిని?" అన్నాను. "అందరూ శ్రీచరణులవుతారా అక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కారని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఇంజనీరింగ్‌లో చేరిన మగపిల్లలంతా ఏమవుతున్నారని ఆ మాట అడుగుతాం? వాళ్ళ విషయంలో అడగని లెక్క దీనికెందుకు? ఇది మాత్రం పైకి అనలేకపోయాను, ఆవిడ పెద్దకొడుకు ఇంజనీరింగ్ అయిపోయి ఇంట్లో ఉన్నాడు.

మొన్నో సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉన్నాను. సందులో ఆట నడుస్తోంది. చీకటి పడుతోంది. ఆవిడ చేతిలో చేటతో వాకిట్లోకి వచ్చింది. ఇక కేకేసి లోపలికి లాక్కెళుతుందనుకున్నాను. పిల్ల అప్పుడే బంతి వేసింది, ఎదురుగా ఉన్న పొడుగాటి కుర్రాడు దాన్ని ఎత్తి కరెంటు స్తంభం మీదుగా కొట్టాడు.

"ఏమేవ్! అంత పొట్టిగా వేస్తే కొట్టడూ? కాళ్ళ దగ్గర వేసి చావు!" అని అరిచింది.

పిల్ల తిరిగి చూసింది. నేనూ చూశాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ అక్కడే నిలబడింది, తర్వాతి బంతి కోసం.